వెనక సీట్లో మాట ఆగితే

పరదాల పెద్దమ్మకి పుట్టుకతోనే భయం. బల్లి అంటే భయం, లిఫ్టంటే భయం, యూనిఫారం వేసుకున్న వాళ్ళంటే భయం, ఆఖరికి కరెంటు మీటరు చూడడానికి వచ్చే మనిషన్నా భయమే. పెళ్ళైన కొత్తలో భర్త సైకిలు వెనక ఎక్కితే రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, ఇల్లొచ్చింది దిగు అనేదాకా తెరిచేది కాదట. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ ముచ్చట నలుగురికీ చెప్పి నవ్వించేవాడు. ఆయన పోయాక నవ్వించేవాళ్ళు లేకుండా పోయారు గాని, భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. భయపడుతూనే కొడుకుని పెంచింది. భయపడుతూనే వీధి మలుపులో కర్టెన్లు కుట్టే కొట్టు పెట్టి నెట్టుకొచ్చింది. కిటికీల కొలతలకి పెద్ద పెద్ద మేడల మీదికి పిలిస్తే లిఫ్టు పక్కనుంచి తప్పుకుని మెట్లెక్కి వెళ్ళేది. మోకాళ్ళు పట్టేశాక, "కొలతలు మీరే తెచ్చుకోండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అనడం మొదలుపెట్టింది.

అలాంటి మనిషికి సైన్యంలో అంబులెన్సు నడిపే పిల్ల కోడలుగా వచ్చింది.

వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. పక్క కొట్లో తాళాలు బాగుచేసే ఆయనైతే, "ఇక అత్తాకోడళ్ళ యుద్ధమొస్తే గెలుపెవరిదో వేరే చెప్పాలా!" అని పగలబడి నవ్వాడు. యుద్ధమేమీ రాలేదు. కోడలు మాట తక్కువ, నవ్వు ఎక్కువ. సెలవు మీద వచ్చినప్పుడల్లా అత్తగారి కుట్టుమిషను విప్పి, దుమ్ము దులిపి, నూనె వేసి బిగించేది. "అత్తయ్యా, ఇదిప్పుడు ట్యాంకులా నడుస్తుంది" అనేది. ట్యాంకు మాట వింటేనే పెద్దమ్మకి ఒళ్ళు జలదరించేది.

ఆడపిల్ల పుట్టింది. ఒక్కచోట కుదురుగా ఉండదని నాన్నమ్మే దానికి ఉడత అని పేరు పెట్టింది. అది ఇంకా తప్పటడుగులు దాటకముందే సరిహద్దులో గొడవలు ముదిరి కోడలికి పిలుపొచ్చింది. వెళ్ళింది. ఆ కాలమంతా ఫోను మోగితే చాలు, పెద్దమ్మ చేతిలో కత్తెర అక్కడే వదిలేసి కొట్టు బయటికి పరిగెత్తేది. మోగడం ఆగాక వచ్చి, ఎవరు చేశారో చూసుకుని, కుర్చీలో కూలబడేది.

చివరికి కోడలు తిరిగొచ్చింది. కాళ్ళూ చేతులూ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎడమ భుజం కాస్త పట్టేసి పూర్తిగా పైకి లేవడం లేదు, అంతే. "ప్రాణాలతో వచ్చింది, అదే పదివేలు" అనుకుంది పెద్దమ్మ. సైన్యం వాళ్ళు ఆమెని గౌరవంగానే సాగనంపారు. పాత వ్యాను ఒకటి కొన్నారు. కుట్టిన కర్టెన్లు తీసుకెళ్ళి, కడ్డీలు బిగించి, తగిలించి రావడం కోడలి పని. కొడుకు బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి పగలంతా పడుకుంటాడు. ఇల్లు ఒక గాడిన పడ్డట్టే కనిపించింది.

మొదట తేడా కనిపించింది ఉడత నిద్ర దగ్గర. ఆ పిల్లని పగలు పడుకోనిచ్చేది కాదు కోడలు. కళ్ళు మూతలు పడుతుంటే లేపి కూర్చోబెట్టేది. "పగలు పడుకుంటే రాత్రి పడుకోదు అత్తయ్యా" అనేది. అదీ నిజమే కదా అనుకుంది పెద్దమ్మ. వ్యానులో కూర్చోబెట్టుకుని వెళ్తే దారి పొడుగునా పాడమనేది. పిల్ల వచ్చీరాని పాటలు పాడి పాడి గొంతు బొంగురు పోయేది. ఆపితే, "ఆపకు, ఇంకోటి పాడు" అని ముందు సీట్లోంచి కేక. పక్క గదిలో పిల్ల బొమ్మలతో ఆడుకుంటూ కాసేపు చప్పుడు చెయ్యకపోతే చాలు, చేతిలో పని అక్కడే పారేసి పరుగున వచ్చేది. తల్లి ప్రేమ మరి, చాలాకాలం దూరంగా ఉంది కదా అని సరిపెట్టుకుంది పెద్దమ్మ.

ఒకరోజు మధ్యాహ్నం పెద్దమ్మ కొలతల టేపు మర్చిపోయి కొట్టు నుంచి ఇంటికొచ్చింది. కొడుకు ముందు గదిలో గురకపెట్టి నిద్రపోతున్నాడు. చెప్పులు విప్పి, వాడిని లేపకుండా లోపలి గది తలుపు మెల్లగా తోసింది.

మంచం మీద ఉడత వెల్లకిలా పడుకుని ఉంది. కోడలు దాని మీదికి వంగి ఉంది. ఆమె అరచెయ్యి పిల్ల ముక్కు మీద, నోటి మీద.

పెద్దమ్మ గొంతులో అరుపు బయలుదేరింది గాని బయటికి రాలేదు. కోడలి ముఖం పక్కనుంచి కనిపిస్తోంది. కళ్ళు ఆర్పడం లేదు. చెమటలు కారుతున్నాయి. ఆ ముఖం తనకి తెలిసిన పిల్లది కాదనిపించింది. తర్వాత తలుపు కిర్రుమంది, కోడలు చటుక్కున చెయ్యి తీసేసి వెనక్కి తిరిగింది. ఉడత కదిలింది. ఏడుపు ముఖం పెట్టి పక్కకి ఒత్తిగిల్లింది.

"ఏంటత్తయ్యా?" అంది కోడలు.

"టేపు... టేపు మర్చిపోయానమ్మా."

"ఇదిగో, కిటికీ మీద ఉంది."

టేపు అందుకున్న పెద్దమ్మ చెయ్యి వణికింది. ఇచ్చిన చెయ్యి కూడా వణికింది గాని ఆ సంగతి ఆ రోజు ఆమె గమనించలేదు.

సాయంత్రం కొడుకు నిద్ర లేవగానే పెరట్లోకి లాక్కెళ్ళి చెప్పింది. వాడు నవ్వాడు. "అమ్మా, నీకు బల్లి కూడా మొసలిలా కనిపిస్తుంది. పిల్ల మూతి తుడుస్తూ ఉంటుంది."

"మూతి తుడిచే చెయ్యి నాకు తెలీదట్రా? నా కళ్ళతో నేను చూశాను."

వాడి నవ్వు పోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సరే, నువ్వు చూసిందే నిజమనుకుందాం. ఎవరితో చెబుతావు? చెబితే పిచ్చిదని ముద్ర వేస్తారు. వ్యాను లైసెన్సు లాక్కుంటారు. ఆ తర్వాత పిల్లని కూడా... వద్దమ్మా. కొత్తగా వచ్చింది, మెల్లగా సర్దుకుంటుంది. నోరు జారకు." అంటూ టీ గ్లాసు ఎత్తాడు. గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంది. వీడికీ ఏదో తెలుసు, నాకు చెప్పడం లేదు అనుకుంది తల్లి. దాంతో భయం రెట్టింపయింది.

ఆ మర్నాటి నుంచి పెద్దమ్మ బతుకు పొయ్యి మీద కూర్చున్నట్టయింది. ఉడతని తనతో పాటు కొట్టుకి తీసుకుపోయేది. పడుకునేటప్పుడు తన పక్కలో వేసుకుని లోపల గడియ పెట్టుకునేది. వంటింట్లో కత్తులన్నీ తీసి, గుడ్డముక్కల సంచిలో అడుగున దాచింది. కోడలు గదిలోకొస్తే గోడకి ఆనుకుని నిలబడేది. ఇదివరకు, తడికాళ్ళతో లోపలికి వచ్చావనో, అన్నం చల్లారిపోతోందనో అలవాటుగా నాలుగు చివాట్లు పెట్టేది. ఇప్పుడు అవి కూడా మానేసింది. "అలాగేనమ్మా, నీ ఇష్టమమ్మా" అంటూ పరాయింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది.

కోడలికి ఇవన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఒకనాడు పొద్దున్న వంటింటి గడప దగ్గర నిలబడి అడిగింది.

"అత్తయ్యా, కూర తరుగుదామంటే కత్తి కనిపించడం లేదు."

"మొద్దుబారిపోయిందమ్మా. సానకిచ్చాను."

"రెండూనా?"

"రెండూనూ."

కోడలు కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. పెద్దమ్మ చూపు తిప్పుకుంది. కోడలు చిక్కుడుకాయల గిన్నె ముందేసుకుని, ఒక్కొక్కటీ చేత్తో తుంచుతూ కూర్చుంది.

ఆ వారంలోనే ఒక పెద్ద హోటలుకి కర్టెన్లు ఇవ్వాల్సి వచ్చింది. బరువైన గుడ్డ, నిలువెత్తు కిటికీలు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. కొడుకు డ్యూటీ నుంచి వచ్చి ఒళ్ళు తెలియకుండా పడున్నాడు. ఉడతని ఎక్కడా వదిలే వీల్లేదు. ముగ్గురూ వ్యానెక్కారు. పెద్దమ్మ ముందు సీట్లో తలుపు పిడి పట్టుకుని కూర్చుంది, ఉడత వెనక సీట్లో.

పని బాగానే అయింది. హోటలు వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. తిరిగొచ్చేటప్పుడు ఎండ మండిపోతోంది. ఉడత వెనక నుంచి రైలు పాట ఒకటి పాడుతూ, మధ్యమధ్య కూత వేస్తూ ఉంది. పెద్ద రోడ్డెక్కాక కూత తగ్గింది. పాట నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది.

"ఉడతా" అంది కోడలు.

జవాబు లేదు.

"ఉడతా! పాడవే. అత్తయ్యా, అది మాట్లాడుతోందా?"

పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. పిల్ల సీటు మీద ఒరిగిపోయి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. "పడుకుందమ్మా. పడుకోనీ. పొద్దుటి నుంచి అలిసిపోయింది పాపం."

ఆ మాట కోడలి చెవిన పడిందో లేదో తెలియదు. వ్యాను ఒక్కసారి ముందుకి దూకింది. పెద్దమ్మ తల వెనక్కి కొట్టుకుంది. ముందున్న బస్సుని ఇంత సందులోంచి దాటేశారు. ఎర్రదీపం వెలుగుతుండగానే కూడలి దాటేశారు. హారను మీంచి కోడలి చెయ్యి లేవడం లేదు.

"అమ్మాయ్! ఏంటిది? ఆపు!"

"ఆగకూడదు" అంది కోడలు. ఆ గొంతు ఆమెది కాదు. పొడిగా, చదునుగా ఉంది, ఎవరికో ఆర్డరు ఇస్తున్నట్టు. "ఇంకొంచెం దూరమే. మాట్లాడుతూ ఉండు. వింటున్నావా? నిద్రపోకు. ఏదో ఒకటి మాట్లాడు."

ఎవరితో అంటోంది? తనతో కాదు. ఉడతతోనూ కాదు. వెనక సీట్లో ఇంకెవరో ఉన్నట్టు మాట్లాడుతోంది. పెద్దమ్మకి తలుపు తీసి దూకేద్దామనిపించింది. కాని వెనక పిల్ల ఉంది. ఇక కొత్త పెళ్ళికూతురిగా సైకిలు మీద కూర్చున్నట్టే కళ్ళు రెండూ మూసుకుంది. టైర్లు కీచుమని ఆగిన చప్పుడు విన్నాకే తెరిచింది.

ఎదురుగా ప్రభుత్వాసుపత్రి, ఎమర్జెన్సీ గుమ్మం. కోడలు అప్పటికే దిగి, పిల్లని రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి పరిగెడుతోంది. "స్ట్రెచర్! స్ట్రెచర్ తీసుకురండి! ఊపిరి ఆడడం లేదు!"

ఈ గోలకి ఉడత లేచి, ఆకాశం బద్దలయ్యేలా ఏడుపు అందుకుంది. అంత గట్టిగా ఏడుస్తున్న పిల్లని చేతుల్లో పెట్టుకుని, "ఊపిరి లేదు, ఎవరైనా చూడండి, ఊపిరి లేదు" అని కోడలు అరుస్తూనే ఉంది. నర్సులు, రోగులు, కట్లు కట్టించుకుంటున్న వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. తన పిల్ల ఏడుపు ఆమెకి వినిపించడం లేదు. పెద్దమ్మ తన జన్మలో చూసిన వాటిలో అంత భయంకరమైనది ఇంకొకటి లేదు.

డ్యూటీ డాక్టరు వయసులో చిన్నవాడే గాని నిదానస్తుడు. ఎవరినీ కసురుకోలేదు. పిల్లని మెల్లగా అందుకుని, గుండె చూసి, నాలిక చూసి, నాన్నమ్మకి ఇచ్చాడు. తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని స్టెతస్కోపు ఆమె చెవుల్లో పెట్టి, రెండో కొస పిల్ల ఛాతీ మీద ఉంచాడు. చాలాసేపు విన్నాక కోడలు నేల మీద చతికిలబడింది.

"ఈవిడ ఏం పని చేసేవారు?" అని అడిగాడు పెద్దమ్మని. చెప్పింది. అతను తల ఊపాడు.

"పిల్లకేమీ లేదండి. చూపించాల్సింది ఈవిడని. మాజీ సైనికుల ఆసుపత్రిలో మనసుకి సంబంధించిన విభాగం వేరే ఉంది. రేపే తీసుకెళ్ళండి. ఇది మళ్ళీ జరిగితే నేను పైవాళ్ళకి తెలియజేయక తప్పదు. పిల్ల ఎక్కడుండాలో అప్పుడు వాళ్ళు చెబుతారు."

మంచిగానే చెప్పాడు. అయినా ఆఖరి మాట పెద్దమ్మ గుండెలో గునపంలా దిగింది.

మర్నాడు పొద్దున్నే కొడుకు పిల్లతో ఇంట్లో ఉండిపోయాడు. అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కి వెళ్ళారు. మాజీ సైనికుల ఆసుపత్రి పొడుగాటి హాలు నిండా మగవాళ్ళే. కర్ర ఆనుకున్నవాళ్ళు, గోడ వైపు తిరిగి కూర్చున్నవాళ్ళు, కాలు అదేపనిగా ఊపుతున్నవాళ్ళు. తలుపు ధడాలున పడ్డప్పుడల్లా హాలు మొత్తం ఉలిక్కిపడుతోంది. ఆ తలుపుకి ఒక గుడ్డముక్క అడ్డం పెట్టే నాథుడు కూడా లేడు.

కౌంటరులో ఆయన కోడలి గుర్తింపు కార్డు చూడకుండానే అన్నాడు. "మీ ఆయన్ని తీసుకురావాలమ్మా. పేషెంటు లేకుండా రాయడం కుదరదు."

"మా ఆయన సైన్యంలో లేడండి. బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఉన్నాడు."

"మరి ఎవరి కోసం? నాన్నగారా?"

"నా కోసమే."

అప్పుడు కార్డు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అలాగా. ఆడవాళ్ళు ఇక్కడికి పెద్దగా రారు లెండి. డ్రైవరా? అంటే యుద్ధంలో... ముందు వరసలో లేరన్నమాట." ఆయన కంప్యూటరు తిరగేసి, "డాక్టరుగారి దగ్గర ఖాళీ లేదు. చలికాలం వెళ్ళాక రాస్తాను" అన్నాడు.

బయట ఎండలు దంచేస్తున్నాయి.

"పర్లేదండి" అంది కోడలు. తేలిగ్గా ఊపిరి కూడా తీసుకుంది. "పదండి అత్తయ్యా, వెళ్దాం."

పెద్దమ్మ లేవబోయింది. లేవలేకపోయింది. ఆ బల్ల మీంచి లేస్తే బస్సు, బస్సు దిగితే ఇల్లు, ఇంట్లో ఆ మంచం, ఆ అరచెయ్యి, గడియ పెట్టుకోవడాలు, కత్తులు దాచుకోవడాలు. చలికాలం వెళ్ళేదాకా. కోడలు లేవదీద్దామని చెయ్యి వేసేసరికి పెద్దమ్మ కెవ్వున అరిచింది.

"నేను రాను! నేను నీతో ఇంటికి రాను! నాకు భయం! నువ్వు పిల్లని చంపేస్తావు!"

కోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్దమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది గాని మాట జారిపోయింది. కాలు ఊపుతున్న ఒకాయన ఊపడం ఆపి, కౌంటరు వైపు తిరిగి, "ఎవర్నైనా పిలవ్వయ్యా. చూస్తూ కూర్చుంటావేం?" అని గద్దించాడు.

వచ్చింది ఒక నడివయసు ఆవిడ. కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేలాడేసుకుంది. అక్కడ కౌన్సెలర్‌నని చెప్పి, ఇద్దరినీ తన గదిలోకి తీసుకెళ్ళింది. "తలుపు వెయ్యమంటారా, తీసుంచమంటారా?" అని కోడలిని అడిగింది. తీసుంచమంది. "ఎటు తిరిగి కూర్చుంటే బాగుంటుంది మీకు?" అంటే గుమ్మం కనిపించే కుర్చీ చూపించింది. తన ఇంట్లో ఇన్నాళ్ళూ కోడలు ఎప్పుడూ ఆ మూల కుర్చీలోనే ఎందుకు కూర్చుంటుందో పెద్దమ్మకి అప్పుడు తట్టింది.

"అమ్మగారూ, మీ భయం ఏంటో ముందు మీరు చెప్పండి" అంది కౌన్సెలరు. "ఆవిడ వింటారని మొహమాటపడకండి. వినాలి."

పెద్దమ్మ నేల చూపులు చూస్తూ చెప్పింది. టేపు కోసం ఇంటికి రావడం, తలుపు తోయడం, పిల్ల ముక్కు మీద, నోటి మీద ఆ చెయ్యి. కోడలు సగం లేచి నిలబడింది.

"అత్తయ్యా! నేను దానికి ఊపిరాడకుండా చేస్తున్నాననుకున్నారా?"

"మరేం చేస్తున్నావు తల్లీ?"

"ఊపిరి వస్తోందో లేదో చూస్తున్నాను. వెచ్చగా తగులుతుంది కదా, చేతికి..." ఆమె తన అరచేతినే చూసుకుంది. "అది నిద్రపోతే చాలు అత్తయ్యా, పోయిందనిపిస్తుంది. లేదని నాకు తెలుసు. తెలిసీ ఆగలేను. ఒకసారి చూస్తాను, రెండడుగులు వేస్తాను, మళ్ళీ చూడాలి. కత్తులు దాచేశారు చూడండి, ఆరోజు నాకూ భయమేసింది. అత్తయ్యకి కూడా తెలిసిపోయింది, నాలో ఏదో ఉంది అనుకున్నాను."

కౌన్సెలరు తొందరపెట్టలేదు. మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. చాలాసేపటికి కోడలు చెప్పింది.

ఆ రోజు అంబులెన్సులో వెనక జవాను ఒక్కడే ఉన్నాడు. కడుపులో దెబ్బ. పక్కన ఉండి చూడాల్సిన మనిషి బండెక్కకముందే దెబ్బ తగిలి పడిపోయాడు. నడిపేదీ ఆమే, చూసేదీ ఆమే. రోడ్డు మీద గుండ్లు పడుతున్నాయి, ఆగే వీల్లేదు. నిద్రపోకు, మాట్లాడుతూ ఉండు అని చెప్పింది. వాడు మాట్లాడాడు. వాళ్ళింట్లో కుక్క చెప్పులు ఎత్తుకుపోయే సంగతి చెప్పాడు. వాళ్ళ అక్కకి వంట రాదని చెప్పి నవ్వాడు కూడా. "అక్కా, ఇంకా ఎంత దూరం?" అని అడిగాడు. ఇంకొంచెమే అంది. మళ్ళీ అడిగాడు. ఇంకొంచెమే అంది. తర్వాత అడగలేదు.

"ఏ మలుపు దగ్గర ఆగిపోయాడో కూడా నాకు తెలీదు. నేను మాత్రం మాట్లాడు, మాట్లాడు అంటూనే ఉన్నాను. ఆసుపత్రికి చేరాక తలుపు తీసినవాళ్ళు, ఎవరితో మాట్లాడుతున్నావు అని అడిగారు."

పెద్దమ్మ ఏడవలేదు. ఆమెకి ఏడుపు రాలేదు. ఆ బండిలో తనే కూర్చున్నట్టు ఒళ్ళంతా గడ్డకట్టింది.

"ఇంటికి పంపేటప్పుడు ఇవేవీ ఎవరూ అడగలేదా?" అంది కౌన్సెలరు.

"ఒకాయన అడిగాడు, నిద్ర పడుతోందా అని. పడుతోందన్నాను. భుజం చూశాడు. పంపేశాడు."

ఆ వారం నుంచే చికిత్స మొదలైంది. పెద్ద డాక్టరు ఖాళీ అయ్యేదాకా వారం వారం కౌన్సెలరే చూసింది. వ్యాను తాళాలు కొన్నాళ్ళు అల్మరాలో పెట్టమంది. కర్టెన్లు చేరవేయడానికి ఆటోలు మాట్లాడుకున్నారు. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఇంట్లో అందరికీ నేర్పింది. వెనకనుంచి వచ్చి ముట్టుకోకూడదు. ఏమీ లేదులే, మర్చిపో అనకూడదు. పిల్ల ఊపిరి చూడాలనిపిస్తే చూడొద్దని గొడవపడకుండా, కాసేపాగి చూద్దాం అనాలి. ఆ కాసేపు మెల్లమెల్లగా పెంచాలి. కొడుకుని కూడా పిలిపించింది. వాడు వచ్చి కూర్చుని, తన భార్య నిద్రలో మాట్లాడే మాటలు తనకి మొదటి నుంచీ తెలుసని, ఎవరికి చెబితే ఏం పోతుందోనని దాచానని చెప్పి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

అంతా సాఫీగా సాగిందని చెప్పడానికి లేదు. పెద్ద డాక్టరు రాసిన మందులు మొదట పడలేదు. కోడలు రోజంతా మత్తుగా తిరిగేది, సూది చేతిలో ఉంటే గుచ్చుకునేదాకా తెలిసేది కాదు. ఒక నెల మందులు మానేసింది. మానేసి దాచింది. ఆ నెలలో ఒకరోజు ఎటో వెళ్ళిపోయింది. పెద్దమ్మ, కొడుకు వీధులన్నీ వెతికారు. కాలువ గట్టు కూడా చూశారు. గట్టు మీద నడుస్తుంటే పెద్దమ్మ నీళ్ళ వైపు చూడలేక కొడుకుని చూడమంది. సాయంత్రానికి కోడలే ఆసుపత్రి నుంచి ఫోను చేసింది. ఆ హాల్లోనే ఒక మూల, గుమ్మం కనిపించేలా కూర్చుని ఉందట. "ఇంటికి రావడానికి భయమేసింది అత్తయ్యా. ఇక్కడికొచ్చాను" అంది. పెద్దమ్మ ఫోను పట్టుకుని, పొద్దుటి నుంచి లోపల అణుచుకున్న భయమంతా కట్ట తెగినట్టు, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. అవతల కోడలు ఊఁ కొడుతూ విన్నది.

మరుసటేడు పైనుంచి అధికారులు ఆ ఆసుపత్రి చూడడానికి వచ్చారు. ఆడ సైనికుల కోసం ఒక పూట విడిగా కావాలని, ఇంటివాళ్ళ కోసం ఒక గది కావాలని కౌన్సెలరు ఎన్నాళ్ళ నుంచో అడుగుతోంది. ఆడవాళ్ళు వచ్చేదే తక్కువ కదా అని తిప్పి పంపుతున్నారు. ఎందుకు రావడం లేదో మీరు చెప్పండమ్మగారూ అని పెద్దమ్మని తీసుకెళ్ళి వాళ్ళ ముందు నిలబెట్టింది. వరసగా యూనిఫారాలు.

"కౌంటరు దగ్గర మీ ఆయనేడీ అని అడక్కండి బాబూ" అంది పెద్దమ్మ ఎలాగో. "ఎవరి కోసం వచ్చారు అనండి చాలు. ఇంకొకటి. మా అమ్మాయిని ఇంటికి పంపినప్పుడు, ఇలా ఉండొచ్చు, భయపడకండి, ఫలానా చోటికి రండి అని మాతో ఒక్కళ్ళు చెప్పుంటే నేను కత్తులు దాచి దాన్ని ఏడిపించేదాన్ని కాదు. ఆ తలుపు కూడా... అది పడినప్పుడల్లా పాపం వీళ్ళందరికీ ప్రాణం పోతోంది."

ఇంకేదో చెప్పాలనుకుంది గాని, వరస చివర ఒకాయన గొంతు సవరించుకోగానే భయపడి కూర్చుండిపోయింది. చూద్దాం అన్నారు వాళ్ళు. ఆ చూద్దాం చాలాకాలమే సాగింది. తలుపుకి మాత్రం వారంలో రబ్బరు పట్టీ వేశారు. తర్వాత ఆడవాళ్ళకి ఒక పూట వచ్చింది. ఇంటివాళ్ళ గది అయితే పాత సామాన్ల గదే, ఒక కిటికీ, తిరగని ఫ్యాను. ఆ కిటికీకి పెద్దమ్మ కర్టెను కుట్టి తీసుకెళ్ళింది. ఆ పూట వెళ్ళినప్పుడు కొత్తగా వచ్చిన తల్లో, మొగుడో చేతులు నలుపుకుంటూ కూర్చుంటే పక్కన చేరి, "భయంగా ఉందా? నాకూ ఉండేది. ఇప్పుడూ ఉంది" అనేది.

డాక్టరు సరేనన్నాక కోడలు మళ్ళీ వ్యాను తీసింది. ముందుజాగ్రత్తకి ఇంట్లో ఇంకొకరికి నడపడం రావాలని కొడుకు కూడా నేర్చుకున్నాడు. నేర్చుకున్నానని వాడే చెప్పాలి.

ఒక వానాకాలం మధ్యాహ్నం ముగ్గురూ వ్యానులో వస్తున్నారు. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు పేలింది. కోడలి చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. కాని వ్యాను దూకలేదు. ఇండికేటరు దీపం వేసి, మెల్లగా పక్కకి తీసి ఆపింది కోడలు. తాళం తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది. "ఇప్పుడు నేను నడపకూడదు అత్తయ్యా" అని కౌన్సెలరుకి ఫోను కలిపింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఆవిడ చెప్పినట్టు బయట కనిపించేవన్నీ పేర్లు పెట్టి చెప్పసాగింది. గొడుగు. గేదె. ఎర్ర గేటు. వెనక ఉడత కూడా సాయం చేసింది. "అమ్మా, అది గేదె కాదు, ఆవు!"

ఆ వారం పగటి డ్యూటీలో ఉన్న కొడుకు ఫోను అందుకుని బస్సులో వచ్చేసరికి వాన పెద్దదయింది. ఫ్యాక్టరీ బట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. జుట్టు మీది పిండి తడిసి ముద్దయి నుదుటి మీదికి కారుతోంది. కోడలు వెనక్కి వెళ్ళి ఉడత పక్కన కూర్చుంది. వాడు డ్రైవరు సీట్లో కూర్చుని అద్దం సర్దాడు, సీటు సర్దాడు, మళ్ళీ అద్దం సర్దాడు. వ్యాను కప్పలా ఒక గెంతు గెంతి ఆగింది. మళ్ళీ గెంతింది.

"ఒరేయ్, ఎదర లారీ!"

"చూశానమ్మా."

"లారీకి నువ్వు కనిపించావో లేదో చూడరా!"

"క్లచ్చు మెల్లగా వదులు" అంది వెనకనుంచి కోడలు. గొంతు ఇంకా వణుకుతోంది. "మెల్లగా అన్నాను!"

పెద్దమ్మ రెండు చేతులతో తలుపు పిడి పట్టుకుంది. వ్యాను ఊగుతూ, ఆగుతూ, వెనకవాళ్ళ హారన్లన్నీ మోయించుకుంటూ ఇంటి దారి పట్టింది.